ఉప్పునీళ్ల మరకలు తీసే మనిషి

మొన్న ఒక ఆదివారం పొద్దున కారు అద్దాల మీద మళ్లీ తెల్ల చుక్కలు తేలితే ఆయనకు ఫోన్ చేశాను. మాట్లాడి ఏడాది దాటింది. ఎత్తింది ఒక ఆడమనిషి.

"బాబాయ్ ఉన్నారా అండీ?" అన్నాను.

"లేడు బిడ్డా. పోయిండు. నలభై దినాలు దాటింది" అంది. వెంటనే, "నువ్వెవరు బిడ్డా? ఫోన్ల పాపమ్మ అని పడ్తుంది. పాపమ్మ అంటే ఎవరు? నాకు జెర చెప్పు" అని అడిగింది. ఆ గొంతులో ఏడుపు లేదు. భయం ఉంది.

నా పేరు పాపమ్మ కాదు. ఆయన ఫోన్లో నేను 'పాప అమ్మ'ని. ఆవిడ రెండూ కలిపి చదువుకుంది. ఇంటికొచ్చి కలుస్తానని చెప్పి, అడ్రసు రాసుకుని ఫోన్ పెట్టేశాను. ఆవిడ ఏం అడగబోతోందో నాకు కొంత తెలుసు. ఆయన నాకు ఒక్కసారే, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చెప్పిన మాట ఒకటుంది. అది భార్యకు చెప్పలేదని కూడా అప్పుడే చెప్పాడు.

మేముండేది పద్మారావు నగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో. తాగడానికి కుళాయి నీళ్లు వస్తాయి. మిగతా అన్నిటికీ బోరే. ఆ బోరు నీళ్లతో కడిగిన ఏ వస్తువైనా నాలుగు రోజులకు తెల్లగా పొరలు కడుతుంది. బకెట్ల అంచులు, షవరు కన్నాలు, పిల్లల స్టీలు సీసాలు, అన్నీ అంతే. కార్లు కడిగేది కూడా ఆ నీళ్లతోనే. అద్దం మీద ఎక్కడ చుక్క ఆరితే అక్కడ గుండ్రటి మచ్చ మిగులుతుంది. సబ్బుతో రుద్దినా పోదు. నేను చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున ఆఫీసుకు వెళుతూ మలుపు తిరిగేసరికి ఎండ ఎదురుగా కొట్టింది. ముందు అద్దం మీదున్న మచ్చలన్నీ ఒక్కసారిగా వెలిగి, అద్దమంతా పాలు పోసినట్టు అయిపోయింది. ఏమీ కనపడలేదు. బ్రేకు తొక్కాను. కారు ఆగాక చూస్తే బంపరుకు జానెడు దూరంలో ఒక ముసలాయన పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను తిట్టను కూడా తిట్టలేదు. రోడ్డు దాటి వెళ్లిపోయాడు. నాకు మాత్రం రెండు రోజులు స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటలు పట్టేవి.

మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే అతను చెప్పాడు, ఉప్పునీళ్ల మరకలు తీసే మనిషి ఒకాయన ఉన్నాడని. మర్నాడే వచ్చాడు.

యాభై అయిదేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. మోపెడ్‌కు అటూ ఇటూ రెండు క్యాన్లు, ముందు ఒక గోనెసంచి. సంచి నిండా మోండా మార్కెట్లో కొనుక్కొచ్చిన పాత బనీను గుడ్డలు. నేను గుంటూరు అలవాటుకొద్దీ "రండి బాబాయ్" అంటే ఎవరినో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"మేడం, నాలుగు తలుపులు తీసిపెట్టు. డిక్కీ సుత" అన్నాడు ముందుగా.

"మరకలు బయట కదా ఉన్నాయి?"

"తీసిపెట్టు మేడం. తియ్యకుంటే నేను షురూ చెయ్య."

తీశాను. ఆయన వంగి సీట్ల కింద చూశాడు. డిక్కీలో ఉన్న గొడుగు జరిపి చూశాడు. ఆ తర్వాత గానీ గుడ్డ పట్టుకోలేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా అంత శ్రద్ధగా వెతకడం చూసి నాకు మొదట అనుమానం వేసింది. డ్యాష్‌బోర్డులో ఏమైనా పెట్టానేమోనని నేనూ ఒకసారి చూసుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే వరస. ఒకసారి నాకు ఆలస్యమవుతోందని విసుక్కుంటే, "నీ బండిల ఏముండదు మేడం, నాకు తెల్సు. అయినా సూడాలె" అన్నాడు.

పని మాత్రం చాలా నెమ్మదిగా, నాజూగ్గా చేసేవాడు. ముందు కళ్లు మూసుకుని వేలి కొసతో అద్దం మీద రాసేవాడు. మచ్చ గరుగ్గా తగిలితే, "ఇది పైననే ఉంది, వస్తది" అనేవాడు. నున్నగా ఉండి కూడా తెల్లగా కనపడితే, "ఇది అద్దాన్ని తిన్నది మేడం. తగ్గుతది గానీ పోదు" అని ముందే చెప్పేవాడు. ప్రతి గుడ్డనూ వాడేముందు చెంపకు రాసుకుని చూసేవాడు, ఇసక రేణువు ఉందేమోనని. వెనిగర్‌ను ఆయన సిర్కా అనేవాడు. సగం సిర్కా, సగం ఫిల్టరు నీళ్లు కలిపి, గుడ్డ ముంచి, పిండి, అద్దానికి అతికించినట్టు పరిచేవాడు. పది నిమిషాలు దాన్ని కదపనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దేవాడు. మొండి మచ్చ ఉంటే ఏదో మెత్తటి పాలిష్ పొడి అద్దేవాడు. చివర్లో మళ్లీ ఫిల్టరు నీళ్లతో కడిగి, చుక్క ఆరకముందే పొడిగుడ్డతో తుడిచేవాడు. ఎండలో పని చేసేవాడు కాదు. "ఎండల నీళ్లు పోస్తే మరక తీస్తలేవు, పెడుతున్నవ్" అని మా వాచ్‌మన్‌ను కోప్పడేవాడు.

చాలా భయస్తుడు. లిఫ్టు ఎక్కేవాడు కాదు. మూడో అంతస్తుకు మంచినీళ్ల కోసం రమ్మన్నా మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేవాడు. ఎవరైనా అద్దాలకు బాత్రూమ్ యాసిడ్ పోస్తే పోతుందటగా అంటే ఆయన మొహం పాలిపోయేది. "ఒద్దు మేడం. అద్దం చూపు పోతది, మనిషి చూపు సుత పోతది" అని నాలుగుసార్లు చెప్పి గానీ వెళ్లేవాడు కాదు. పిల్లలు కారు తలుపులు దబదబా వేస్తుంటే దగ్గరికెళ్లి, తాళం ఎవరి చేతిలో ఉందో చూసుకునేవాడు. మా అపార్ట్‌మెంట్లో ఆయన గురించి అందరూ నవ్వుతాలుగా మాట్లాడుకునేవాళ్లు. నేనూ నవ్వినదాన్నే.

మా భవనం వెనక, ప్రహరీ గోడకు ఆనించి ఒక పాత కారు ఉండేది. రెండో అంతస్తు ఓనరుది. ఆయన ఉద్యోగం మీద పుణె వెళ్లిపోతూ, ముందు సీట్ల నిండా అట్టపెట్టెలు సర్ది, కారు అక్కడే వదిలేసి వెళ్లాడు. పైన ట్యాంకు నిండి పొంగినప్పుడల్లా ఆ నీళ్లు పైపులోంచి సరిగ్గా దాని మీద పడేవి. పొద్దున తడవడం, మధ్యాహ్నం ఎండకు ఎండడం. రెండేళ్లకు నాలుగు వైపులా అద్దాలు సున్నం కొట్టిన గోడల్లాగా అయ్యాయి.

ఒకరోజు ఆయన పని ముగించి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "మేడం, వెనక బండి ఎవరిది?"

చెప్పాను.

"దాని లోపల ఏమున్నదో కనపడ్తలేదు."

"అట్టపెట్టెలు ఉన్నాయి బాబాయ్. పాత సామాను."

"ఉంటే ఉండని. కనపడాలె గద. ఓనర్‌తోని ఒక్కసారి మాట్లాడు. నేను ఉత్తగనే తుడుస్త."

ఆ ఏడాది అసోసియేషన్ సెక్రటరీని నేనే. అందరి ఫోన్ నంబర్లూ నా దగ్గరే ఉన్నాయి. "మనకెందుకు బాబాయ్, రేపు గీత పడిందంటే నన్ను అంటాడు" అన్నాను. మళ్లీ వారం అడిగాడు. మాట్లాడతానన్నాను. మూడోసారి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "తాళాలన్న సరిగ్గ పడ్డయా, సూసినవా మేడం?" అన్నాడు. చూస్తానన్నాను. చూడలేదు. పైగా ఆయన వెళ్లాక మా ఆయనతో, "ఈ మనిషికి ఎక్కడ తెల్ల అద్దం కనపడినా ఊరుకోబుద్ధి కాదు" అని నవ్వాను.

అది మే నెల. పిల్లలకు సెలవులు. మా పాపకప్పుడు ఆరేళ్లు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లగౌను మార్చుకోకుండానే ఆడుకోవడానికి దిగిపోయింది. మా ఆయన డ్యూటీకి వెళ్లారు. బాబాయ్ కింద సెల్లార్ నీడలో మా కారు అద్దాలు చేస్తున్నాడు. నేను వంటలో ఉన్నాను. పన్నెండు దాటాక పక్కింటి అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "ఆంటీ, చిన్ని ఇంట్లో ఉందా?" అంది.

"మీతోనే ఆడుతోందిగా?"

"దాగుడుమూతలు ఆడినం. అందరు దొరికినరు, చిన్ని దొరకలే. ఇంటికి పోయిందేమో అనుకొని మేము వేరే ఆట ఆడినం."

"ఎంతసేపైంది?"

ఆ పిల్ల వేళ్లు నలుపుకుంది. "మస్తుసేపైంది ఆంటీ."

నేను స్టవ్ కట్టేశానో లేదో గుర్తులేదు. ముందు టెర్రస్ మీదికి పరిగెత్తాను. పిట్టగోడ మీద నుంచి కిందికి చూడటానికి ధైర్యం చాలక, కళ్లు మూసుకుని వంగి, తర్వాత కళ్లు తెరిచాను. కింద ఏమీ లేదు. మెట్ల మీద ప్రతి తలుపూ కొట్టుకుంటూ దిగాను. ఎవరింట్లోనూ లేదు. కింద వాచ్‌మన్ నన్ను చూసి, నేను అడగకముందే సంపు మూత ఎత్తాడు. అతనికి కూడా అదే ఆలోచన వచ్చింది. లోపల నల్లటి నీళ్లు. టార్చి వేసి, కర్ర పెట్టి కలిపాడు. ఆ కర్ర ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తూ నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆగలేదు. గేటు బయట ఎవరో రోడ్డు మీదికి పరిగెత్తుతున్నారు. ఎవరో ఎవరికో ఫోన్ చేస్తున్నారు.

నేను సెల్లార్‌లోకి వచ్చాను. బాబాయ్ గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది మేడం? ఎందుకు ఒర్లుతున్నరు?"

"పాప కనపడట్లేదు బాబాయ్. దాక్కుంది. ఎక్కడుందో తెలియట్లేదు."

ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది. అందరూ గేటు వైపు వెళుతుంటే ఆయన భవనం వెనక్కి నడిచాడు. ముందు నడక, తర్వాత పరుగు. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనందుకే నా కాళ్లు కదల్లేదు. రెండు క్షణాలు అక్కడే నిలబడిపోయాను. ఆ రెండు క్షణాలను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

నేను వెళ్లేసరికి ఆయన ఆ కారు అద్దానికి అరచేయి ఆనించి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ కళ్ల చుట్టూ పెట్టుకుని చూశాడు. తెలుపు తప్ప ఏమీ కనపడలేదు. ముందు తలుపు లాగాడు, రాలేదు. వెనక తలుపు లాగాడు, రాలేదు. గోడ వైపు సందులోకి పక్కకు తిరిగి దూరాడు. అక్కడ వెనక తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగిపోయాడు.

"తియ్యండి బాబాయ్!"

ఆయన పెదవులు కదులుతున్నాయి. చెయ్యి కదలడం లేదు. నా వైపు చూశాడు. అంత భయం ఉన్న మొహాన్ని నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు.

"నాతోని కాదు మేడం" అన్నాడు.

"తియ్యండి!" అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది.

తీశాడు. తాళం లేదు. గోడ అడ్డమై తలుపు సగమే తెరుచుకుంది. వేడి ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టింది. ఆ సగం సందులోంచి ఆయన నడుము దాకా లోపలికి వంగి, సీట్ల మధ్య నేల మీద పడి ఉన్న మా పాపను రెండు చేతులతో బయటికి లాగాడు. మొహం ఎర్రగా కంది ఉంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు.

నేను ఏం చేశానో నాకు తెలియదు. ఆయనే సెల్లార్ నీడలోకి మోసుకొచ్చి పడుకోబెట్టాడు. క్యాన్‌లో ఉన్న ఫిల్టరు నీళ్లతో కొత్త బనీను గుడ్డలు తడిపి మెడ మీద, చంకల్లో, కాళ్ల మీద పరిచాడు. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని, "తెలివి లేనప్పుడు నోట్ల పొయ్యకు" అని గద్దించాడు. ఆటోలో ఆస్పత్రికి వెళ్లేదాకా అట్టముక్కతో విసురుతూనే ఉన్నాడు. దారిలో పాప ఒకసారి మూలిగింది. ఆ మూలుగు వినగానే ఆయన అట్టముక్క ఆపి, తల వంచుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. మళ్లీ వెంటనే విసరడం మొదలుపెట్టాడు.

వెనక తలుపులకు పిల్లల లాక్ వేసి ఉందట. బయటి నుంచి తీయొచ్చు, లోపలి నుంచి రాదు. ముందు సీట్లలోకి పోదామంటే అట్టపెట్టెలు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. సాయంత్రానికి పాప కళ్లు తెరిచి, సెలైన్ సూదిని చూసి ఏడ్చి, ఆ తర్వాత నన్ను పిలిచి, "మమ్మీ, నన్నెవరూ పట్టుకోలేదు కదా?" అంది. లేదన్నాను. "అయితే నేనే గెలిచాను" అని నిద్రపోయింది. డాక్టరు ఇక ఫరవాలేదన్నాడు. నేను బయటికి వచ్చి చూస్తే బాబాయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

పక్కన కూర్చున్నాను. థాంక్స్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు దండం పెట్టకు బిడ్డా. నేను ఒకమాట చెప్త, ఇను. నా పెండ్లానికి సుత చెప్పలే."

అప్పటిదాకా మేడం అన్న మనిషి మొదటిసారి బిడ్డా అన్నాడు.

చాలా ఏళ్ల కిందట ఆయన ఎ.ఎస్. రావు నగర్ అవతల ఒక కాలనీలో ఇళ్ల ముందు కార్లు కడిగేవాడట. అక్కడ ఒక ఇంట్లో తోట పక్కన ఒక పాత కారు. మొక్కలకు కొట్టే పైపు నీళ్లు రోజూ దాని మీద పడి అద్దాలు తెల్లగా అయిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఎదురింటి కారు తుడుస్తున్నాడు.

"టక్ టక్ అని ఇనపడ్డది. మూడుసార్లో, నాలుగుసార్లో. పక్కల ఇల్లు కడుతున్నరు, మేస్త్రీలు కొడుతున్నరేమో అనుకున్న. ఒకసారి ఆ బండి దిక్కు సూసిన. తెల్లగుంది. ఏం కనపడలే. పని అయిపోయినంక ఇంటికి పోయిన." ఆయన అరచేత్తో మెట్టు మీది దుమ్ము తుడిచాడు. "పొద్దూకినంక దొరికిండంట. నాలుగేండ్ల పోరడు."

ఆయనే మళ్లీ చెప్పాడు.

"నన్నెవ్వరు ఏమడగలే. ఎవ్వరికి తెల్వదు. కానీ నేను ఇన్న బిడ్డా. ఇని పోయిన."

ఆయన మీద నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. మొదట భయం వేసింది. ఈ మనిషి విని వెళ్లిపోయినవాడు అనుకుని కొంచెం పక్కకు జరిగాను కూడా. ఆ వెంటనే, మూడు వారాలు మూడుసార్లు ఈయన నాతో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. నేనూ విన్నాను. విని వంటింట్లోకి వెళ్లిపోయాను. మా పాప బతికింది కాబట్టి నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఇంకొకరి తప్పును తూకం వేయగలుగుతున్నాను. మళ్లీ జరిగి ఆయన పక్కనే కూర్చున్నాను.

మర్నాడు పుణెకు ఫోన్ చేశాను. "అయ్యో, తుడిపించండి, దానికి నన్ను అడగాలా?" అన్నాడు ఓనరు. ఒక్క నిమిషం పట్టింది ఆ ఫోన్‌కు.

ఆ కారు అద్దాలు చేయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. ఎండ తిరిగేదాకా ఆగి, పైన దుప్పటి కట్టి నీడ చేసుకుని, ఒక్కో అద్దం మీద నాలుగేసిసార్లు సిర్కా గుడ్డ పరిచాడు. రెండో రోజు సాయంత్రం నన్ను పిలిచి, "సూడు మేడం" అన్నాడు. వెనక సీటు, దాని మీద మా పాప రిబ్బను, ముందు అట్టపెట్టెల మీది అక్షరాలు కూడా కనపడ్డాయి. ఆయనకు సంతోషం కలగలేదు. తలుపు ప్రతిదీ లాగి చూసి, వాచ్‌మన్‌తో తాడు తెప్పించి, తాళం పడని తలుపును కట్టేయించి వెళ్లాడు. నెల తిరక్కుండా ఓనరు ఆ కారు అమ్మేశాడు.

ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. మెట్ల మీద చెప్పిన మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ అది తెలిశాక ఆయన్ని చూసే చూపు మారింది. పైన ఎవరైనా గోడకు మేకు కొడితే ఆయన చేతులు ఆగిపోయేవి. గుడ్డ పక్కన పెట్టి, మెట్లెక్కి, ఎవరు కొడుతున్నారో కళ్లతో చూసుకుని గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఒకరోజు మూడుసార్లు ఎక్కి దిగాడు. వెళ్లొద్దని నేను అనలేకపోయాను.

మా పాపకు ఆయనంటే భయం పట్టుకుంది. ఆ రోజు ఏమీ గుర్తులేదంటుంది కానీ ఆయన మోపెడ్ చప్పుడు వింటే నా వెనక్కి వచ్చేది. నేను సిగ్గుపడి మందలించబోతే, "భయపడనీ మేడం. గా బండ్ల దగ్గరికి పోకుండ ఉంటది, మంచిదే" అనేవాడు. దూరం నుంచి పాపను చూసి, తలూపి, పనిలో పడేవాడు. పాప ఎలా చదువుతోందని ఒక్కసారి కూడా అడగలేదు. వచ్చిన ప్రతిసారీ, "ఉన్నదా?" అని మాత్రం అడిగేవాడు. ఉంది అంటే చాలు.

చివరిసారి వచ్చినప్పుడు క్యాన్ ఎత్తలేకపోయాడు. ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని, తగ్గాక ఫోన్ చేస్తానని చెప్పాడు. చేయలేదు. నేనూ చేయలేదు.

ఆయన ఇల్లు బౌద్ధనగర్‌లో, రెండు బళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సన్నటి సందులో. ఒక గది, ముందు రేకుల వరండా. గోడకు ఆయన ఫోటో. భార్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను కింద కూర్చుంది. నీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నువ్వేనా పాపమ్మవు?"

"పాప వాళ్లమ్మని. మా కారు అద్దాలు చేసేవారు."

ఆవిడ నా మొహం పరీక్షగా చూసింది. "ఆఖరి నాలుగు దినాలు మస్తు జరం బిడ్డా. కండ్లు మూసుకొనే 'తలుపు తియ్యిండ్రి, తలుపు తియ్యిండ్రి' అన్నడు. తెరిచే ఉందయ్యా అని చెప్పిన. ఇనలే. ఒక రాత్రి లేచి కూసొని, 'పోరడు తడ్తుండు' అన్నడు. ఏ పోరడు? మాకు ఇద్దరు ఆడపిల్లలే." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముప్పై ఏండ్లు కాపరం చేసిన. రాత్రిళ్లు లేచి కూసునేటోడు. ఏందంటే చెప్పకపోయేటోడు. ఎవర్నన్న ఏమన్న చేసిండా బిడ్డా? ఫోన్ల నీ పేరు సూసి, ఈ పాపమ్మ ఎవరో, ఆ పోరడు ఆమె కొడుకేమో అనుకున్న. నాకు భయమైతుంది. నిద్ర పడ్తలేదు."

దారంతా నేను అనుకుంటూ వచ్చింది ఒకటే. అడిగితే నిజం చెప్పాలి, ఆవిడకు హక్కుంది అని. నోరు తెరిచాను. ఆవిడ చేతులు నా మోకాలి మీదున్నాయి. ఆ నాలుగేళ్ల బాబు సంగతి విన్నాక ఈవిడ ఈ గదిలో ఒక్కతే ఎలా పడుకుంటుంది? నాకు ఆ ఊహకే భయం వేసింది. చెప్పకపోతే రేపు ఇంకెవరి ద్వారానైనా తెలుస్తుందేమోనన్న భయం దాని వెనకే వచ్చింది. ఇంకెవరికీ తెలియదు కదా అనుకున్నాను. తెలిసింది ఇద్దరికే. అందులో ఒకరు లేరు.

"పోరడు కాదమ్మా" అన్నాను. "పాప. మా పాప. జ్వరంలో అలా అని ఉంటారు."

ఆవిడ కదలకుండా చూస్తోంది.

"ఆరేళ్లప్పుడు మా పాప ఆడుకుంటూ ఒక పాత కారులో ఇరుక్కుపోయింది. అద్దాలన్నీ తెల్లగా అయిపోయి లోపల ఏమీ కనపడేది కాదు. అందరం వెతుకుతున్నాం. ఎవరికీ తట్టలేదు."

"పాప తట్టిందా లోపట్నుంచి?"

మా పాప తట్టలేదు. తట్టే ఓపిక కూడా దానికి లేదు. ఆ రోజు అక్కడ ఏ చప్పుడూ లేదు. ఆయన చప్పుడు విని పరిగెత్తలేదు.

"తట్టింది" అన్నాను. "మెల్లగా తట్టింది. మాకెవరికీ వినపడలేదు. ఆయనొక్కరికే వినపడింది."

"ఇన్నడా?"

"విన్నారమ్మా."

"ఇని?"

"విని ఆగలేదు. పరిగెత్తుకుంటూ వెళ్లి తలుపు తీశారు."

ఆవిడ కళ్లు మూసుకుంది. లోపల్నుంచి ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. "ఇప్పుడు పాప మంచిగున్నదా?" అంది. ఉందన్నాను. ఏడో తరగతి అని చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి దగ్గరగా వేసిన తలుపు తీసి, వరండాలో బియ్యం ఏరుతున్న పెద్దకూతుర్ని పిలిచింది.

"ఇట్ల రా. మీ నాయిన ఏం చేసిండో ఈ మేడం చెప్తది, ఇను." నా వైపు తిరిగింది. "ఇంకొక్కసారి చెప్పు బిడ్డా. మొదట్నుంచి చెప్పు."

ఆ అమ్మాయి చేట పట్టుకునే వచ్చి తల్లి పక్కన కూర్చుంది. నేను మొదటి నుంచి చెప్పాను. చప్పుడు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ముందుకు వంగారు. ఈసారి నా గొంతు వణకలేదు.